పరీక్ష ఎవరి కోసం సారూ?

నొప్పులతో గర్భిణి ఆస్పత్రికొచ్చింది. తొమ్మిది నెలలూ చెకప్‌లకు తిరిగింది. హెపటైటిస్-బి పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు. పోనీ, ఇప్పుడైనా చెయ్యొచ్చు. ఒక్క నెత్తుటి చుక్క, ఇరవై నిమిషాలు. అంతే.

తేలింది. పాజిటివ్. ఇక చూడాలి మనవాళ్ల చురుకుదనం! కేస్ షీట్ మీద ఎర్ర అక్షరాలు. మంచం ఓ మూలకి. చేతులకి రెండేసి జతల గ్లౌజులు. ప్రైవేటయితే బిల్లులో ‘స్పెషల్ కిట్’. ఇంకా భయమేస్తే ‘పెద్దాస్పత్రికి తీసుకుపోండి’. నొప్పులు పడుతున్న మనిషిని, ఆటోలో! పైగా ‘బిడ్డకు పాలివ్వకమ్మా’ అని ఉచిత సలహా. ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది లెండి.

ఇంత హడావుడిలో బిడ్డ ఊసెత్తినవాడెవడు?

పరీక్ష పెట్టిందే బిడ్డ కోసం కదా! కాన్పులో తల్లి నుంచి వైరస్ అంటుకున్న పసికందుల్లో నూటికి తొంభై మందిని అది జన్మంతా వదలదు. ముందుముందు లివర్ చెడొచ్చు, క్యాన్సరూ రావచ్చు. ఆపే మందు లేదా? ఉంది. పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటల్లోపు టీకా. తల్లి పాజిటివ్ అయితే, వీలైతే 12 గంటల్లోపే, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం రెండూ ఉచితమంది. అడిగి చూడండి. ‘స్టాకు లేదు, బయట తెచ్చుకోండి’ అన్న జవాబు మాత్రం నిజంగానే ఉచితం.

టీకా సంగతి ఇంకా కమ్మగా ఉంటుంది. సీసాలో పది డోసులు. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే తొమ్మిది దండగట! తెరిచిన సీసాను సరైన చల్లదనంలో ఉంచి, నిబంధనల ప్రకారం 28 రోజుల వరకూ వాడొచ్చని కేంద్రమే చెప్పింది. చదివే తీరికెవరికి? వృథా అయిన డోసుకు సంజాయిషీ రాయాలి. పాడైన లివర్‌కు ఎవడు రాయాలి?

జన్యు సాంకేతికతతో ఈ టీకాను దేశంలో తొలిసారి తయారుచేసి, 1997లో చవగ్గా అమ్మకానికి తెచ్చింది మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్సే. ఊళ్లోనే పుట్టిన టీకా, లేబర్ రూమ్ గుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉంది.

జూలై 28 వస్తే ప్రపంచ హెపటైటిస్ దినమంటూ బ్యానర్లు కడతారు. 2030కల్లా నిర్మూలనంటూ ప్రతిజ్ఞ చేస్తారు. శనివారం రాత్రి పుట్టిన బిడ్డకు టీకా వెయ్యడానికి ఫ్రిజ్ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, ఆ బ్యానర్ మీది ఫొటోలో నవ్వుతున్న పెద్దసారుకైనా తెలుసా?