ముక్కున్న చోట మీటరెందుకు?

మొన్న నాకు తెలిసిన ఒకాయన కొత్తగా హోటల్ తెరిచాడు. మెయిన్ రోడ్డు మీద ఐదంతస్తుల కాంప్లెక్సు. పైన కోచింగ్ సెంటరు, కింద ఈయన. హాల్లో షాండ్లియర్లు చూపించి, "వంటిల్లు కూడా చూద్దురుగాని రండి సార్" అన్నాడు. లోపలికి తీసుకెళతాడనుకుంటే మెట్లు దింపాడు. వంటిల్లు సెల్లార్లో ఉంది.

"వాస్తు సార్. ఆగ్నేయ మూల మనకు ఇక్కడే కుదిరింది."

అగ్నిదేవుడు దిక్కు చూసుకుంటాడే తప్ప ఎగువా దిగువా పట్టించుకోడని పండితుడి అభిప్రాయం కాబోలు. ఎల్పీజీకి మాత్రం ఆ పట్టింపు బాగా ఉంది. గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు దానిది. లీకైతే ఎగిరిపోదు, ఒలికిన నీళ్లలాగా నేలబారున పాకి పల్లం వెతుక్కుంటుంది. సెల్లార్‌కన్నా పల్లం ఏముంటుంది? బండలు నేలమాళిగలో పెట్టొద్దని నిబంధనలు మొత్తుకునేది అందుకే. వాణిజ్య సంస్థల్లో బండలు ఎక్కడ, ఎలా ఉంచాలో చెప్పడానికి ఐఎస్ 6044 అని ఒక ప్రమాణమే ఉంది. మావాడి దగ్గర అంతకన్నా పాత శాస్త్రం ఉంది కనుక దాని అవసరం పడలేదు. వాస్తు కోసం మెట్లు రెండుసార్లు పగలగొట్టి కట్టించాడట. గాలికోసం గోడకు ఇంకో కంత పెట్టించరాదా అంటే, "స్లాబు దెబ్బతింటుంది సార్" అన్నాడు.

ఉన్న కంతల సంగతి చెప్పాలి. బండల గదిలో, ర్యాంపు వైపు గోడకు, నేలకు ఆనుకుని రెండున్నాయి. కట్టినవాడెవడో తెలిసే పెట్టాడు, లీకైన గ్యాస్ పోవలసిన దారి అదే. రెంటిలోనూ గోనెసంచులు కుక్కి ఉన్నాయి.

"ఎలుకలు సార్."

భద్రతకు లోటు చేశాడనుకునేరు. గ్యాస్ డిటెక్టర్ కొన్నాడు. దాన్ని సీలింగుకు, సరిగ్గా నడిమధ్యన బిగించాడు. పైపు గ్యాస్ అయితే అక్కడే పెట్టాలి, అది గాలికన్నా తేలిక. బండ గ్యాస్‌కైతే నేలకు అడుగెత్తులో ఉండాలి. ఇక్కడ గ్యాస్ మోకాళ్లదాకా, నడుందాకా నిండి, మాస్టర్ మునిగాక గానీ పైనున్న దొరగారికి కబురందదు. అందినా పలకడు. పోపు వేసినప్పుడల్లా కూస్తోందని వైరు పీకేశారు.

"అయినా మా మాస్టర్ ముక్కుంది సార్. పాతికేళ్ల అనుభవం."

ఆ ముక్కుకు నమస్కారం. ఎల్పీజీకి సొంత వాసన లేదు. ముక్కులకు తెలియాలని మెర్కాప్టన్ అనే కంపు కలిపి పంపిస్తారు. ఎంత కంపైనా కాసేపు పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా ఆ ముక్కు ముందు పొద్దున్నుంచీ ఇంగువ సాంబారు ఉడుకుతోంది. ముక్కు మీద నమ్మకం చాలనప్పుడు అగ్గిపుల్ల ఉండనే ఉంది. కొత్త బండ తగిలించాక సబ్బు నురగ రాసి చూస్తారా అని అడిగితే మాస్టరు నవ్వి పుల్ల గీసి చూపించాడు. ఈ పరీక్షకు ఫలితాలు రెండే: లీకు లేదు, లేదా పరీక్షించినవాడు లేడు.

ఇంతకీ మావాడికి అన్నిటికన్నా గర్వం ఎగ్జాస్టు ఫ్యాను. విమానం రెక్కంత ఉంది. అది లాగుతూనే ఉంటుంది. ఏం లాగుతోందని అడిగాను. "పొగ సార్." పొగతోపాటు గాలి కూడా పోతుంది కదా, మరి లోపలికి గాలెక్కడినుంచి వస్తోంది? ఆ ప్రశ్న ఆయన కొటేషన్లో లేదు. కిలో గ్యాస్ సరిగ్గా కాలాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే 19 కిలోల బండ ఒకటి ఖాళీ అయ్యేలోగా పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న ఎనిమిది గదుల గాలి మింగుతుంది. ఇక్కడ బండలు ఆరు. కిటికీలు సున్నా. తలుపు, ఏసీ చల్లదనం పోకుండా ఎప్పుడూ మూసే ఉంటుంది. తెరవాలంటే ఇద్దరు లాగాలి.

గాలికి దారి లేకపోతే ఫ్యాను ఊరుకోదు, దొరికిన బొక్కలోంచల్లా లాక్కుంటుంది. గిన్నెలు తోమే మూలన గ్యాస్ గీజరుకు ఒక పొగగొట్టం ఉంది. బయటికి పోవలసిన పొగ ఆ గొట్టంలోంచే వెనక్కి దిగుతోంది. మంట నీలంగా కాక పసుపుగా వెలుగుతోంది. గిన్నెల అడుగులు నల్లగా మసిబారి ఉన్నాయి. తోమే అమ్మాయి సరిగ్గా రుద్దడం లేదని రోజూ తిట్లు. మధ్యాహ్నానికి పనివాళ్లందరికీ తలనొప్పి. "టైముకు తినరు సార్, ఇంకేమవుతుంది?"

మంటకు గాలి చాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోటును దానికన్నా రెండొందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పాతికేళ్ల అనుభవమున్న ముక్కుకు కూడా దాని పరిచయం కాదు.

ఈ లోపల ఒక బండలో గ్యాస్ తగ్గింది. కుర్రాడొచ్చి దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, మీద వేడినీళ్లు పోశాడు. చివరి చుక్కదాకా పిండే పద్ధతి అట. మావాడు నావైపు తిరిగి, "పొదుపు సార్" అన్నాడు.

ఇక చాలనుకుని మెట్లవైపు నడుస్తూ బండల గదిలోకి ఓసారి చూశాను. మూల కంత దగ్గర ఎలుకొకటి గోనెసంచిని శ్రద్ధగా కొరుకుతోంది. అప్పటికే అంగుళం మేర వెలుగు కనిపిస్తోంది. ఆ ఐదంతస్తుల భవనంలో వెంటిలేషన్ పని చూస్తున్నది అదొక్కటే.

"చూశారా సార్," అన్నాడు మావాడు, "రేపే దీనికి మందు పెట్టించాలి."