జేవియర్ గారికి జేజేలు

ప్రొఫెసర్ ఛార్లెస్ జేవియర్ గారూ, మీ పాత పుస్తకం మళ్లీ తిరగేశాను. 1975లో మార్వెల్ వాళ్లు వేసిన ‘జెయింట్ సైజ్ ఎక్స్-మెన్’ మొదటి సంచిక. రాసింది లెన్ వీన్, బొమ్మలు డేవ్ కాక్రమ్, వెల 50 సెంట్లు. మొదటిసారి చదివినప్పుడు అట్ట మీది బొమ్మకే పడిపోయాను. పాత జట్టు బొమ్మను చీల్చుకుని కొత్త జట్టు మీదికి దూకుతుంటుంది కదా, అది. అసలు గొప్పతనం లోపల చక్రాల కుర్చీలో కూర్చుని ఉందని అప్పుడు తెలియలేదు. ఇంత ఆలస్యంగా పొగుడుతున్నందుకు మన్నించాలి.

మీ బడి పిల్లలు, అంటే ఆ పాత జట్టు, క్రకోవా అనే దీవిలో చిక్కుకున్నారు. సైక్లాప్స్ ఒక్కడే తిరిగొచ్చాడు. ఇంకో మాస్టారైతే సాయానికి ఇరుగుపొరుగును పిలిచేవాడు, న్యూయార్కులో సూపర్ హీరోలకు కరువా? మీరు ఆ మొహమాటం పెట్టుకోలేదు. జర్మనీ, కెనడా, కెన్యా, సైబీరియా, జపాన్ అన్నీ చుట్టేసి, మీ ఇంటి గొడవతో ఏ సంబంధమూ లేని మనుషుల్ని ఏడుగురిని ఏరుకొచ్చారు. ముక్కూమొహం తెలియనివాడి మీద ఇంత నమ్మకం పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది!

కెనడా ప్రభుత్వ కొలువులో ఉన్న వుల్వరీన్ మీ మాట విని అక్కడికక్కడే రాజీనామా చేశాడు. అడ్డొచ్చిన అధికారి మెడలోని టైని గోళ్లతో కత్తిరించి మరీ బయటికొచ్చాడు. నోటీసు పీరియడ్ లేదు, రిలీవింగ్ లెటర్ లేదు. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఈ పేజీని ఫ్రేమ్ కట్టించుకోవాలి.

కెన్యాలో ఒరోరో వానలు కురిపిస్తుంటే జనం దేవతని మొక్కుతున్నారు. మీరు వెళ్లి, అమ్మా, నువ్వు దేవతవు కావు, పుట్టుకతోనే శక్తులున్న మ్యూటెంటువి, నీకు బయట బాధ్యతలున్నాయి అని కళ్లు తెరిపించారు. ఆమె వెళ్లిపోయాక ఆ చేలకు నీళ్లెవరిస్తారన్న చిల్లర ప్రశ్న మీ నోట రాలేదు. పెద్ద పనులు చేసేవాళ్లు పంట కాలువల దగ్గర ఆగరు.

బైకాల్ సరస్సు దగ్గర సామూహిక పొలంలో, చెల్లెలి మీదికొస్తున్న ట్రాక్టరుకు ఒళ్లు ఉక్కు చేసుకుని అడ్డం నిలబడ్డాడు పీటర్ రాస్‌పుటిన్. నా శక్తి దేశానిది కాదా అని పాపం అమాయకంగా అడిగాడు. అది యావత్ ప్రపంచానిది అన్నారు మీరు. ప్రపంచం అంటే వెస్ట్‌చెస్టర్‌లోని మీ బంగళా అని ఆ రైతు బిడ్డకు విడమరిచి చెప్పకపోవడంలోనే ఉంది మీ సౌజన్యం.

ఇక ఇంగ్లీషు. అమీర్‌పేటలో నెలల తరబడి ఫీజులు కట్టినా నాలుక తిరగని భాషను మీరు మనోశక్తితో చిటికెలో వాళ్ల బుర్రల్లోకి ఎక్కించేశారు. ఇంతటి శక్తి ఉన్నవారు వాళ్ల జర్మన్, రష్యన్ మీరే నేర్చుకోవచ్చు కదా అంటారు కొందరు. గురువు శిష్యుల భాష నేర్చుకుంటే ఇంకేం మర్యాద!

కానీ మీ ప్రతిభ అంతా అరిజోనాలో చూడాలి. క్యాంప్ వెర్డీలో జాన్ ప్రౌడ్‌స్టార్ అనే అపాచీ యువకుడు ఉత్త చేతులతో అడవిదున్నను లొంగదీస్తున్నాడు. తెల్లవాడికి మళ్లీ నా అవసరం పడిందా, నేను రాను అన్నాడు. మీ పిలుపు వెనక ఎవరి అవసరం ఉందో పసిగట్టి, మొహం మీద చెప్పినవాడు అతనే. మీరు కోప్పడలేదు. బతిమాలలేదు. మీ అపాచీలు పిరికివాళ్లని జనం చెప్పుకునేది నిజమేనేమో అన్నట్టు ఒక్క మాట వదిలారు. రోషం పొడుచుకొచ్చి వెంట నడిచాడు. ఒక జాతిని నేల మీంచి తోసేసి, మిగిలినవాళ్లను రోషంతో పనికి పెట్టుకోవడం ఇంత పొదుపుగా ఇంకెవరికి వస్తుంది? అదే ఏడాది ఎక్స్-మెన్ 95వ సంచికలో, పారిపోతున్న శత్రువు విమానం మీదికెక్కి, దూకెయ్యమని మీరు మనసులో మొత్తుకుంటున్నా వినకుండా, దాంతోపాటే పేలిపోయాడు. తన ధైర్యం రుజువు చేసుకోవాలనుకున్నాడు మరి. ద్రోణుడు బొటనవేలితో సరిపెట్టుకున్న అల్పసంతోషి.

క్రకోవా సంగతి చెప్పకపోతే ఈ స్తుతి పూర్తి కాదు. అది దీవి కాదు, దీవంత ప్రాణి. మ్యూటెంట్ల శక్తే దాని తిండి. సైక్లాప్స్‌ని ఎందుకు వదిలిపెట్టింది? ఇంకొంతమందిని వెంటేసుకొస్తాడని! ఈ కథలో కొత్తవాళ్లను చేర్చుకోవడానికి తిరిగేది మీరొక్కరే కాదన్నమాట. కాకపోతే దానికి మీ మాటనేర్పు లేదు, ఆకలిని ఆకలిగానే ఉంచుకుంది. ఏకచక్రపురంలో కుంతి కూడా పరాయి ఇంటి బిడ్డకు బదులు బకాసురుడి దగ్గరికి తన కొడుకునే పంపింది. మీ ఇంటి పిల్లల కోసం పరాయి పిల్లల్ని బండెక్కించే ఉపాయం పాపం ఆ తల్లికి తట్టలేదు.

ఈ ఏడుగురూ మొదటి బండి కూడా కాదని 2005-06లో వచ్చిన ‘డెడ్లీ జెనెసిస్’ చెప్పింది. అంతకుముందే వల్కన్, పెట్రా, స్వే, డార్విన్ అనే లేత పిల్లల్ని అదే దీవికి తోలారట, అది వికటించి వాళ్లు పోయారనే అనుకున్నారట. వాళ్లలో వల్కన్ సైక్లాప్స్‌కి తమ్ముడే. ఆ దుఃఖం శిష్యుడు మొయ్యలేడని అతని జ్ఞాపకాల్లోంచి మొత్తం చెరిపేశారు. చచ్చినవాళ్లకు దినం పెట్టేవాళ్లను చూశాం గానీ, బతికున్నవాళ్లకు ఆ ఖర్చు కూడా తప్పించిన దయామయుల్ని చూడలేదు.

పుస్తకం చివర, దీవిని అంతరిక్షంలోకి విసిరేసి తిరిగొస్తుంటే, పదముగ్గురు ఎక్స్-మెన్‌తో ఏం చేస్తాం అన్న ప్రశ్న వస్తుంది. మీరు లెక్కల్లోనూ దిట్ట. 94వ సంచికలో జపాన్ నుంచి తెచ్చిన సన్‌ఫైర్ వెళ్లిపోయాడు. ఎవరిని కాపాడ్డానికి ఇంత శ్రమపడ్డారో ఆ పాతవాళ్లు అయిదుగురూ సామాన్లు సర్దుకున్నారు. 95లో థండర్‌బర్డ్, అదే మన ప్రౌడ్‌స్టార్, పోయాడు. భోజనాల బల్ల దగ్గర కుర్చీలు సరిగ్గా సరిపోయాయి.