ల్యాప్‌టాప్ పెట్టె మీద అసలు సంగతి రాయించండి మహాప్రభో!

మహారాజశ్రీ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రివర్యుల దివ్యసముఖమునకు,

విషయం: చవక ల్యాప్‌టాప్ కొనే మధ్యతరగతివాడి మనవి.

ఆర్యా,

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది. కనుక ఇంటికి ల్యాప్‌టాప్ రావాలి. కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు కట్టాక చేతిలో మిగిలే డబ్బుకు వచ్చే ల్యాప్‌టాప్ గురించే ఈ అర్జీ. లక్షలు పోసి కొనేవారి బాధలు వారు పడగలరు.

ముందుగా మీ శాఖకు ఒక దండం. మీ చలవ వల్ల అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా బరువెంతో, ధరెంతో, ఎవరు చేశారో అచ్చవుతోంది. ల్యాప్‌టాప్ పెట్టె మీదా గరిష్ఠ ధర ఉంటుంది, తయారైన దేశం ఉంటుంది, నికర పరిమాణం ‘1 ఎన్’ అని ఉంటుంది. లోపల ఉన్నది ఒక్కటే అని దానర్థం. రెండు ఉంటాయన్న ఆశ మాకు ఏ కోశానా లేదు. అందులో ర్యామ్ పెంచుకోవచ్చా లేదా అన్నదే మాకు కావాలి. ఆ ముక్క మాత్రం ఎంత తిరగేసినా కనపడదు.

షోరూమ్ కుర్రాణ్ని అడుగుదామా? ‘ఐ ఫైవ్ సార్’ అంటాడు, ఏ తరం ఐ ఫైవో చెప్పడు. ఎంఎస్ ఆఫీస్ వేసే ఉందంటాడు. అది ట్రయల్ అయితే ఆ సంగతి నెల తిరిగాక కంప్యూటరే చెబుతుంది. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11 నడుస్తుందంటాడు. అబద్ధం కాదు, మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత అదే. ఆన్‌లైన్ క్లాసు పెట్టి పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ నడక సొగసు తెలుస్తుంది. స్టోరేజీ 64 జీబీయే అయితే ఇక చెప్పేదేముంది? విండోసూ దాని అప్‌డేట్లూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాక, పిల్ల రికార్డులకు చోటుండదు.

సరే, ఎలాగో 4 జీబీదే కొన్నాక, ఇంకో 4 జీబీ వేయిద్దామని దాన్ని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. స్క్రూలన్నీ విప్పి, ఓ పాత ఏటీఎం కార్డుతో అంచు వెంట గీరి మూత లేపి, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. మళ్లీ మూసేశాడు. ‘ర్యామ్ ఆన్‌బోర్డ్ అంకుల్, స్లాట్ లేదు’ అన్నాడు. ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారన్నమాట. డబ్బు కట్టి, బిల్లు తీసుకుని, వెనక మూత ఊడదీస్తే గానీ బయటపడని ఈ రహస్యం పెట్టె మీద ఒక్క లైనుకు సరిపోతుంది కదా!

సర్కారు మా గురించి ఆలోచించలేదని అనను. 2009 ఫిబ్రవరిలో మన తిరుపతిలోనే ‘పది డాలర్ల ల్యాప్‌టాప్’ అంటూ సాక్షాత్‌ను ఆవిష్కరించారు. తీరా చూస్తే అది ల్యాప్‌టాపే కాదు, సమాచారం దాచుకునే పరికరం. 2011 అక్టోబరులో ఆకాశ్ ట్యాబ్లెట్ వచ్చింది, 256 ఎంబీ ర్యామ్‌తో. అదెక్కడిదాకా ఎగిరిందో అందరికీ తెలుసు. ఆ పుణ్యం మీ శాఖది కాదు, అప్పటి మానవ వనరుల శాఖది. కాబట్టి ధర తగ్గించమని మిమ్మల్ని అడగను. 18 శాతం జీఎస్టీ కూడా నోరు మూసుకుని కడతాను. 35 వేల ల్యాప్‌టాప్‌లో అది 5,300 పైచిలుకే. ఆ డబ్బుకు ప్రతిఫలంగా కాస్త అచ్చు సిరా ఖర్చుపెట్టించండి చాలు.

ఎందుకంటే, తక్కువ ధరకు కొనేవాడు ఎక్కువ కాలం వాడాలనే కొంటాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జనం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ ఓసారి తిరిగి చూడండి. ఆఫీసులు వాడి వదిలేసిన బిజినెస్ మోడళ్లు కొత్తదాని ధరలో సగానికే దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ర్యామ్ స్లాట్లుంటాయి, బ్యాటరీ మార్చుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ వేసుకోవచ్చు. మెరుపు లేకపోయినా మరమ్మతుంది. కాకపోతే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైది చూసుకోవాలి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది, అంతకు ముందు తరాల్లో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా ఎక్కదు.

కొన్నాక బతికించుకోవడం మా పని, అది మీ నెత్తిన రుద్దను. పరుపు మీద పెట్టి గాలిరంధ్రాలు మూయకూడదని పిల్లకు చెప్పాను. ఏడాదికోసారి ఫ్యాన్‌లో దూది మందాన పేరుకునే దుమ్ము దులిపిస్తాను. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాను. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందంటే కింద బ్యాటరీ ఉబ్బిందని, అదిమిపెట్టకుండా వెంటనే వాడకం ఆపాలని తెలుసుకున్నాను. మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల సాకెట్‌లో బలవంతాన ఇరికిస్తే, ఎర్త్ లేక అరచేతికి జివ్వుమనడమూ చవిచూశాను. ప్రాజెక్టు ఫైళ్లకు ఇంకో కాపీ బయటి డ్రైవ్‌లో ఉంచుతున్నాం. ఇంత చేసినా, బ్యాటరీ పోయిన రోజున ‘ఈ మోడల్ పార్టులు రావడం లేదండీ’ అంటే చేసేదేముంది?

దారి మీకు తెలియనిదీ కాదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ పక్కన మరమ్మతుకు పదికి ఎన్ని మార్కులో వేసి అమ్ముతున్నారు. మీరూ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచారు. మరమ్మతు సూచీ మీద మీరు వేసిన కమిటీ 2025 మేలో నివేదిక కూడా చేతికిచ్చింది. ఇక దాన్ని అటక ఎక్కించకుండా, ల్యాప్‌టాప్ పెట్టె మీద ఈ నాలుగు ముక్కలు తప్పనిసరి చేయండి: ర్యామ్, స్టోరేజీ మార్చుకోవచ్చా, బ్యాటరీ ధరెంత, పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి, ప్రాసెసర్ ఏ ఏడాదిది.

మీ సంతకం పడేదాకా తోటి కొనుగోలుదారులకు ఒక్క మాట. షోరూమ్‌లో మౌసు ఫ్రీయా, బ్యాగు ఫ్రీయా అని అడగకండి. ‘ర్యామ్ స్లాట్ ఉందా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా’ అని అడగండి. జవాబు బిల్లు మీద రాసిమ్మనండి. రాయనంటే పక్క కొట్టుకు వెళ్లండి.

ఇట్లు,
విధేయుడు,
ఒక వినియోగదారుడు