పరువైన రోగం

కర్నూలులోనైనా కడపలోనైనా ప్రతి వార్డుకూ ఒక సిస్టమన్న ఉంటాడు. అసలు పేరు ఓటరు కార్డులో భద్రంగా ఉంటుంది గానీ ఎవరి నోటా రాదు. వయసు ముప్పైకి అటూ ఇటూ. చదివింది బీటెక్కో, బీకాం కంప్యూటర్సో. ఉద్యోగం ఏమిటో ఎవరూ గట్టిగా అడగరు. వెనక జేబులో స్క్రూడ్రైవరు, బండి తాళాలకు రెండు పెన్‌డ్రైవులు: ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో 'అన్నీ'. ఆట మధ్యలో కంప్యూటరు ఆరిపోయిన ఏ ఇంటి నుంచి కబురొచ్చినా చేతిలో పని వదిలేసి వస్తాడు. డబ్బు తీసుకోడు. ఉగ్గాని, బజ్జి పెడితే కాదనడు. ఇంత మంచి మనిషిని తప్పుపట్టడానికి నోరు రాదు గానీ ఒక మాట అనక తప్పదు. ఆయనకు కావలసింది కారణం కాదు, పరువైన కారణం. లక్ష రూపాయల మిషనుకు పది రూపాయల రోగం రావచ్చునంటే ఆయన మనసు ఒప్పుకోదు, మిషను కొన్నవాడి మనసు అసలే ఒప్పుకోదు. ఆటల కంప్యూటర్లు ఈ ఎండదేశంలో ఏళ్ల తరబడి ఆరిపోతూనే ఉన్నాయంటే తప్పు మిషన్లలో కన్నా ఈ పరువులోనే ఎక్కువ ఉందని నా వాదన.

ముందు లక్షణాలు చూద్దాం. అదే మిషన్ మీద మూడు గంటల సినిమా నడుస్తుంది, ఎక్సెల్ షీటు రోజంతా తెరిచి ఉన్నా ఏమీ కాదు. జీటీఏలో కారెక్కి పావుగంట తిరిగేసరికి మాత్రం తెర నల్లబడుతుంది. రోగం ఎక్కడుందో సగం ఇక్కడే తెలియాలి. సినిమా నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు పెద్దగా పని ఉండదు. ఆట మొదలైతే ప్రాసెసరు, కార్డు రెండూ ఒకేసారి కరెంటు లాగుతాయి, లాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఫ్యాను ఎంత ఖరీదైనదైనా గదిలో గాలికన్నా చల్లగా దేన్నీ చేయలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్పూ ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీవి చాలా రకాలు 95 దగ్గర తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి ఆగకపోతే మిషన్‌నే ఆపేస్తాయి. ఇక గది సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. ఆటల కంప్యూటరుకు ఇంట్లో దొరికే చోటు మేడమీది గది, ఎందుకంటే కింద టీవీ ఉంటుంది, టీవీ ముందు అవ్వ ఉంటుంది. పగలంతా కాలిన మిద్దె రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఓర్వకల్లుకు అవతల గని, శకునాల ఊళ్ల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండను చూసే కదా! పోనీ ఆ గదిలోనైనా మిషన్ గాలి తగిలేచోట ఉంటుందా అంటే, అదీ లేదు. టేబులు కింది అరలో, మూడు పక్కలా చెక్క, వెనక గోడ, పైన దుమ్ము పడకుండా అమ్మ కప్పిన పూల గుడ్డ. దుమ్ము పైనుంచి పడుతుందని అమ్మ నమ్మకం. అది ముందునుంచి ఫ్యాను పీల్చుకుంటేనే వస్తుంది. బేతంచెర్ల దిక్కు బండల పాలిషు పొడి, ఎర్రగుంట్ల దిక్కు సిమెంటు పొడి హీట్‌సింకు రేకుల మధ్య చేరి, ఏడాది తిరిగేసరికి కంబళి ముక్కలా అతుక్కుపోతుంది.

సిస్టమన్న ఇవేవీ చూడడని కాదు. చూస్తాడు, లెక్కలోకి తీసుకోడు. గుడ్డ తీసి పక్కన పడేస్తాడు, అరలోంచి డబ్బాను బయటికి లాగుతాడు, తలుపు ఊడదీసి దుమ్మును 'థూ' అని ఊదుతాడు. ఇదంతా ఆయన దృష్టిలో చికిత్స కాదు, చికిత్సకు ముందు చేతులు కడుక్కోవడం. అసలు పని తెర మీద మొదలవుతుంది. మిషన్ హఠాత్తుగా ఆగిన ప్రతిసారీ విండోస్ తన చిట్టాలో ఒక పద్దు రాసుకుంటుంది: కర్నెల్-పవర్, నంబరు 41. ఆ పద్దుకున్న అర్థం ఒక్కటే, మిషన్ సక్రమంగా ఆపకుండా ఆగిపోయిందని. ఆ సంగతి కుర్చీలో కూర్చున్నవాడికి ముందే తెలుసు. కానీ సిస్టమన్న ముఖం గంభీరమవుతుంది. "నలభై ఒకటి వచ్చింది తమ్ముడూ. ఇది చిన్న ఎర్రరు కాదు. బోర్డు దాకా పోయినట్టుంది" అంటాడు. ఆ పద్దును విప్పి చూస్తే లోపల బగ్‌చెక్ కోడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే నీలిరంగు తెర చూపించే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట; చాలాసార్లు అది కరెంటు వైపో, వేడి వైపో చూడమని చెప్పడమే. సున్నాలో గౌరవం లేదు కాబట్టి ఆయన ఆ గడి దాకా పోడు. ఆ రోజు కర్నూల్లో ఎండ కూడా నలభై ఒకటే అయివుండవచ్చు, ఆ నంబరునూ ఆయన చూడడు. వేడి కొలిచే సాఫ్ట్‌వేర్లు ఆయన పెన్‌డ్రైవులో లేక కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉంటుంది, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉంటుంది. వాటిని తెరిచి చూస్తాడు కూడా, ఆట ఆపేసి, తలుపు తీసి, పైన ఫ్యాను తిరుగుతుండగా! నలభై ఎనిమిది డిగ్రీలు కనపడుతుంది. "వేడి సమస్యే లేదు" అని తేల్చేస్తాడు.

కరెంటు సంగతి ఇంకా తమాషా. ఇంటింటా ఉండే చిన్న యూపీఎస్ 600 వీఏది. దాని అసలు మోత సాధారణంగా 360 వాట్లే. సినిమా చూస్తుండగా కరెంటు పోతే అది మిషన్‌ను హాయిగా మోస్తుంది. ఆటలో ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డున్న మిషన్, మానిటరూ కలిసి నాలుగు వందల వాట్లు దాటిస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. అయితే కరెంటు పూర్తిగా పోనక్కరలేదు. పక్కింట్లో ఏసీనో, వీధి చివర మోటారో ఎక్కినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది, బల్బు కొంచెం వాడుతుంది, యూపీఎస్ బ్యాటరీ మీదికి మారి, మోయలేక ఆపేస్తుంది. ఇంట్లో లైటు ఆరలేదు కాబట్టి కరెంటు నిర్దోషి అని తీర్పు. నింద ఆట మీద పడుతుంది. లేదంటే "మన ఊరి వోల్టేజే అంత" అని ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజరు తెచ్చి తగిలిస్తారు. నిజానికి లోపలి భాగాలకు కరెంటు పంచే మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నయినా సర్దుకుపోతుంది. సర్దుకోలేనిది క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని డబ్బా. దాని మీద 500 వాట్లని స్టిక్కరు ఉంటుంది గానీ, కార్డుకూ ప్రాసెసరుకూ కావలసిన 12 వోల్టుల తీగలో అంత సత్తా ఉండదు. కార్డుకు డెబ్బై వేలు పోసినవాడు ఎస్‌ఎంపీఎస్‌కు ఏడు వేలు పెట్టడానికి బాధపడతాడు, ఎందుకంటే దాన్ని స్నేహితులకు చూపించలేడు.

రోగి చెప్పే చరిత్ర కూడా కల్తీదే. ఈ కంప్యూటర్లలో ఎక్కువ భాగం చదువు పేరుతో ఇంట్లోకి వచ్చినవి. పైథాన్ నేర్చుకోవాలి, ప్రాజెక్టు చేయాలి, అందుకు గ్రాఫిక్స్ కార్డు తప్పదు అని నాయనకు నచ్చజెప్పి కొనిపించినవి. అందుకని అది ఆరిపోయినప్పుడు "వాలొరాంట్ రెండో రౌండులో ఆగిపోయింది" అనే మాట ఆ ఇంట్లో చెల్లదు. "ప్రాజెక్టు చేస్తా ఉంటే ఆఫ్ అయిపోతాంది నాయనా" అనాలి. సిస్టమన్న వచ్చినప్పుడు నాయన కూడా గదిలోనే నిలబడి ఉంటాడు కాబట్టి, ఏ ఆటలో, ఎంతసేపటికి, మధ్యాహ్నమా రాత్రా అని ఆయన అడగలేడు, వీడు చెప్పలేడు. పనికొచ్చే సాక్ష్యమంతా నాయన భయంతో గల్లంతవుతుంది. మిగిలిన పిసరంతతో తేల్చే రోగం సహజంగానే చదువుకు తగ్గట్టు పెద్దదై ఉండాలి. ప్రాసెసరు చాలదు, ర్యాము పెంచాలి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో పోవాలి. బండి దిగొచ్చిన కార్డు ఆరిపోయినా దానికొక హోదా ఉంటుంది.

అయినా సిస్టమన్న వైద్యం చాలాసార్లు పనిచేస్తుంది. నా వాదనకు గట్టి ఆధారం కూడా అదే. ఆయన రాత్రి తొమ్మిదింటికి వస్తాడు. డబ్బాను అరలోంచి తీస్తాడు, గుడ్డ పోతుంది, తలుపు ఊడుతుంది, ర్యామూ కార్డూ తీసి తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెడతాడు, తీగలు బిగిస్తాడు. యూపీఎస్‌ను పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెడతాడు, అది ఆయనకు దగ్గర కాబట్టి. ఆపైన కొత్త విండోస్ ఎక్కించి, కార్డు పాత డ్రైవరును డీడీయూ అనే సాఫ్ట్‌వేరుతో తుడిచి, కొత్తది వేస్తాడు. అర్ధరాత్రికి ఆట మొదలుపెడితే ఆగదు. వేడి, దుమ్ము, వదులైన కార్డు, యూపీఎస్ నాలుగూ ఒకేసారి తప్పుకున్నాయి. పేరు మాత్రం డ్రైవరుకు వచ్చింది. వారం తర్వాత డబ్బా అరలోకి పోతుంది, గుడ్డ తిరిగొస్తుంది, మిషన్ ఆగుతుంది, "డ్రైవరు మళ్లీ కరప్టయింది" అంటారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి బోరు పాయింటు చూపించే పెద్దమనిషిది కూడా ఈ లెక్కే. నీళ్లు పడితే టెంకాయ మహిమ, పడకపోతే కింద బండ దోషం, పక్క చేలో పడిన నీళ్ల సంగతి ఎవరూ అడగరు. ఒకసారికి ఒకటే మార్చి, ఒక రోజు ఆడి చూసి, రాసుకుని, తర్వాత ఇంకొకటి మార్చితే ఏది కారణమో తేలిపోతుంది. కానీ అట్లా చేస్తే వారం పడుతుంది, చివరికి "గుడ్డ తీసేయండి" అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పడానికి వారం రోజులు పట్టిందంటే సిస్టమన్న అనే పేరు నిలుస్తుందా?

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది: ఎండ హైదరాబాదులో లేదా, చెన్నైలో లేదా, అక్కడివాళ్లు ఆడటం లేదా? ఆడుతున్నారు, ఏసీ గదిలో. ఏసీ లేని పైఅంతస్తు గదిలో ఆడేవాళ్లకు అక్కడా ఇదే గతి. రెండోది ఇంతకన్నా బరువైనది. అన్నిసార్లూ తప్పు మన గదిదే కాదు గదా, కంపెనీలు చేసిన పాపాలు లేవా? ఉన్నాయి. సైబర్‌పంక్ 2077 డిసెంబర్ 2020లో ఎన్ని లోపాలతో వచ్చిందంటే సోనీ దాన్ని తన దుకాణంలోంచే తీసేసింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల కథ మరీ ఘోరం. ఆట మొదలెట్టగానే వీడియో మెమరీ చాలదని తెర మీద పడేది. కొన్నవాళ్లు బోలెడు మెమరీ ఉన్న కార్డును అనుమానించారు. తప్పు కార్డులో లేదు, ప్రాసెసరులో ఉంది. అది అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని ఇంటెల్ 2024 జూలైలో ఒప్పుకుని, ఆగస్టులో సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులను ఆ సవరణ బాగుచేయలేదు. సిస్టమన్న పక్షానికి ఇది పెద్ద బలం, ఒప్పుకుంటాను. కానీ ఈ ఉదాహరణ నిజానికి ఏం చూపిస్తోంది? తెర మీద పడే మాటను నమ్మరాదని. ఆటల డేటాను విప్పే ఊడుల్ సాఫ్ట్‌వేరు తయారీదారులు తమ మీద పడుతున్న నిందను పట్టుకుని వెనక్కి తవ్వి, దోషం ప్రాసెసరు వైపు ఉందని ఇంటెల్ ఒప్పుకోకముందే బయటపెట్టారు. పెద్ద రోగాన్ని కూడా పట్టుకున్నది ఓపికగా కొలిచినవాళ్లే. పైగా గుడ్డ, అర, దుమ్ము, యూపీఎస్ తప్పిస్తే గదా మిగిలింది కంపెనీ పాపమని గట్టిగా అనగలిగేది. అవి తప్పించకుండా ఇంటెల్‌ను తిట్టినా, నిజంగానే ఇంటెల్‌దే తప్పయినా, ఆ తిట్టు గుడ్డిగా తగిలిన రాయే.

ఊరికే చేసిపెట్టేవాణ్ని ఎగతాళి చేయడం ఏం మర్యాద అనేవాళ్లూ ఉన్నారు. ఊరికే చేయడమే చిక్కు. రూపాయలు తీసుకునేవాడు దుమ్ము దులిపి మూడు వందలు పుచ్చుకుని పోగలడు; పేరు మీద బతికేవాడికి దుమ్ము గిట్టుబాటు కాదు. ఆ పేరు కూడా ఆయన ఒక్కడు కట్టుకున్నది కాదు. "గుడ్డ తీసేయమన్నాడంట" అని నవ్వే వీధే, "బయోస్ మార్చినాడంట" అంటే నోరు తెరుస్తుంది. అందుకే సిస్టమన్న పేరు ఏ నెలలో పెరుగుతుందో చూస్తే సరిపోతుంది. మేలో ఆయన మార్చిన ర్యాము పనిచేయదు. జూన్‌లో మార్చిన విండోస్ పనిచేయదు. ఆషాఢం గాలికి దుమ్ము ఇంకొంత చేరుతుంది, కొత్త కార్డూ నిలవదు. కార్తీకంలో మిద్దె చల్లబడుతుంది, మిషన్ దానంతటదే ఆగడం మానేస్తుంది. సరిగ్గా దానికి ముందు వారం సిస్టమన్న బయోస్ అప్‌డేట్ చేసి ఉంటాడు. ఉగాది దాటాక మళ్లీ ఆగితే, బయోస్‌కు కొత్త వెర్షన్ వచ్చే ఉంటుంది.