కర్ర పెత్తనం

మా అమ్మకు కుడి మోకాలి నొప్పి. డాక్టరుగారు చేతికర్ర వాడమన్నారు. మందుల షాపులో అడిగితే మడతపెట్టే అల్యూమినియం కర్ర 450 రూపాయలన్నాడు. కర్రకి 450 రూపాయలా! పెరట్లో జామచెట్టు పెట్టుకుని కర్ర కొన్నానని తెలిస్తే మా తాత పైనుంచి నవ్వడూ?

"నేనే చేస్తా" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. నిరుడు నేను గోడకి బిగించిన కొయ్య వైపు ఒక్కసారి చూసింది, అంతే. ఆ కొయ్యకి మా ఇంట్లో ఎవరూ చొక్కా తగిలించరు. తగిలిస్తే గోడ సున్నంతో సహా చేతికొస్తుంది.

జామకర్ర గట్టిదని చిన్నప్పుడే విన్నాను. బొటనవేలికంటే కాస్త లావుపాటి కొమ్మ కొట్టి, బెరడు గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఆ మధ్యాహ్నమే వార్నిష్ పట్టించి డాబా మీద ఎండలో పెట్టాను. నాలుగో రోజుకి అది రాముడి విల్లయింది. పచ్చి కర్ర నీడపట్టున నెలల తరబడి ఆరాలిట, ఎండలో పెడితే వంకర పోతుందిట. మా వీధి వడ్రంగి నవ్వాపుకుని చెప్పాడు. "పార కామ కొనుక్కోండి బాబూ, ఆరిన కర్ర, 80 రూపాయలకొస్తుంది" అని దారి కూడా చూపించాడు.

పార కామ తెచ్చాను. అమ్మ కునుకు తీస్తోంది. లేపడమెందుకని నా నడుం దగ్గర పెట్టుకుని కొలిచి కోసేశాను. నేను అయిదడుగుల తొమ్మిదంగుళాలు, అమ్మ అయిదడుగులు దాటదు. పట్టుకుని నిలబడేసరికి పల్లకీ మోస్తున్నట్టు ఒక భుజం పైకి లేచింది.

"కాస్త పొడుగుందిరా" అంది. అంగుళం కోశాను. "ఇంకాస్త" అంది. ఇంకో అంగుళం. పిల్లుల రొట్టె తగువు తీర్చిన కోతిలా కోసుకుంటూ పోయాను. చివరికి అమ్మ, "ఒరే, ఇప్పుడు కింద పడ్డ సూది వెతుక్కుంటున్నట్టుందిరా" అంది.

రెండో కామ తెచ్చి, ఈసారి ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిచాను. రోజూ వేసుకునే చెప్పులతో అమ్మని నిలబెట్టి, చేతులు వేలాడేయమని, మణికట్టు గీత నుంచి నేలదాకా టేపు పట్టింది. 29 అంగుళాలు. పిడి అక్కడికి రావాలి, పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా వంగాలి, అంతే కొలత. రబ్బరు బుష్ మందం, పిడి మందం తీసేసి కోశాను. పొట్టిదైపోయిన మొదటి కామలోంచి ఒక ముక్క అడ్డంగా పెట్టి, ఫెవికాల్ రాసి, పొడుగాటి స్క్రూ బిగిస్తే పిడి అయింది.

గర్వంగా అమ్మ కుడి చేతికిచ్చి, "ఇలా పట్టుకో, అలా కాదు" అంటూ ముందు నడిచాను. నొప్పి కుడి కాలికే కదా! ఆ అమ్మాయి తల పట్టుకుంది. కర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలిట. కర్రా, నొప్పి కాలూ ఒకేసారి ముందుకు పడితే ఆ కాలి బరువు కొంత కర్ర మీదికి పోతుందిట. "చేతకాకపోయినా మీ కర్రపెత్తనం మాత్రం తగ్గదు" అంది మా ఆవిడ, మొదటిసారి నోరు విప్పి.

క్యాలెండరు వెనక లెక్క కూడా తనే రాసింది. కామలు 160, రంపం 220, వార్నిష్ 130, గరుకు కాగితం, స్క్రూలు, బుష్ కలిపి 75. మొత్తం 585 రూపాయలు. కింద "పావలా కోడికి ముప్పావలా దిష్టి" అని కూడా రాసి గీత గీసింది.

మొన్న గుడిలో ఎవరో అమ్మని, "కర్ర బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. "కొనలేదమ్మా, మావాడే చేశాడు" అంది అమ్మ మురిసిపోతూ. ఒక్క క్షణం ఆగి, "అందుకే కాస్త జాగ్రత్తగా నడుస్తున్నా" అంది.

మీ ఇంట్లో ఎవరికైనా కర్ర కావాలంటే ఆరిన కామ తెచ్చుకోండి, రంపం నేనిస్తాను. ముందు మాత్రం ఆ మనిషిని నిద్రలేపి కొలవండి.