మందులు కావట!

మా పెద్ద బావగారికి మందులంటే పడదు. బీపీకి డాక్టరు అరమాత్ర రాస్తే, దాని సైడ్ ఎఫెక్ట్స్ గురించి వారం రోజులు గూగుల్‌ని పీల్చి పిప్పి చేస్తారు. అదే మనిషి డైనింగ్ టేబుల్ మీద మాత్రల సీసాలు వరసగా కొలువు తీరి ఉంటాయి. "ఇవి మందులు కావోయ్, సప్లిమెంట్లు" అంటారు. కొడుకు డల్లాస్ నుంచి వచ్చేటప్పుడు ఇవి తెస్తాడు, వెళ్ళేటప్పుడు ఆవకాయ పట్టుకెళ్తాడు. ఎయిర్‌పోర్టులో అందరి అనుమానమూ ఆవకాయ మీదే!

పొద్దున్నే పంపకం. ఐరన్, కాల్షియం రెండూ ఒకే గుక్కలో. కాల్షియం పక్కనుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. పట్టిన కాస్తనీ వెనకే దిగే టీ అడ్డుకుంటుంది.

అక్కయ్యది ఇంకా చిత్రం. ఆవిడకు థైరాయిడ్. ఆ మాత్రకీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వాళ్ళింట్లో ఉన్న ఎడం నాలుగు ఇడ్లీలు. అంటే మాత్ర కొంత వృథా. దానికి తోడు జుట్టు ఊడుతోందని బయోటిన్, పది మిల్లీగ్రాములది. అది జుట్టుకి ఏం చేస్తుందో గానీ, కొన్ని ల్యాబ్ పరీక్షల్ని మాత్రం బోల్తా కొట్టిస్తుంది. ఒంట్లో థైరాయిడ్ తక్కువైనా రిపోర్టులో ఎక్కువైనట్టు కనిపించవచ్చు. అది చూసి డాక్టరు డోసు తగ్గిస్తాడు! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమంటారు. వాడుతున్నట్టు చెబితే కదా ఆపమనడానికి! గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను కూడా ఇది తప్పుదారి పట్టించగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. డల్లాస్ సూట్‌కేసులో ఆ కాగితం పట్టలేదు కాబోలు.

ఇక విటమిన్ డి. మల్టీవిటమిన్‌లో ఉంది, కాల్షియం మాత్రలో ఉంది, ఎముకల సీసాలోనూ ఉంది. ఒకే కూరలో అత్తా కోడలూ వంటమనిషీ ఎవరికి వారు ఉప్పేసినట్టు. ఇవి చాలవని 60,000 యూనిట్ల గుళిక. వారానికి ఒకటని రాసిస్తే, "మంచిదేగా" అని బావగారు రోజూ వేశారు. డాక్టరు చెప్పకుండా పెద్దవాళ్ళు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదంటారు. ఎక్కువైంది ఒంట్లోనే పేరుకుని, రక్తంలో కాల్షియాన్ని పెంచి, వాంతులు, అయోమయం, చివరికి కిడ్నీల దాకా తెస్తుంది.

అడిగితే ఇక్కడ కొన్న సీసా తిప్పి చూపిస్తారు: 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్'. అదే ఆయనకు నిర్దోషిత్వ పత్రం. రోజువారీ మోతాదు దాటవద్దని కూడా అక్కడే ఉంటుంది, భూతద్దం ఉన్నవాళ్ళ కోసం. పిల్లలకు అందకుండా ఉంచమనీ ఉంటుంది. రిటైరైన బావగార్లకు అందకుండా ఎక్కడ ఉంచాలో మాత్రం మన ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారు ఇంకా సెలవివ్వలేదు.