‘జరంత’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “ఇంజన్ సల్లగ గానియ్యుండ్రి సార్. గాలి జరంతనే కొట్టాలె. మూత ముంగట నిలవడొద్దు. నురగ ఏడ లేస్తే ఆడ్నే లీకు.”

అవతారిక: నిజాంపేట రోడ్డు పక్క సందులో, రేకుల షెడ్డు కింద ఒక మెకానిక్కు పలికిన సూత్రమిది. శ్రోత హైటెక్ సిటీ ఉద్యోగి, అనగా ఈ టీకాకారుడే. జేఎన్‌టీయూ దాటి ఫ్లైఓవరు ఎక్కుతుంటే టర్బో బండి ఈల వేస్తోందనీ, ఎంత తొక్కినా పికప్ లేదనీ మొరపెట్టుకోగా వెలువడింది. మెదక్ దిక్కున కొల్చారం వాడని ప్రసిద్ధుడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. నాకు అంత నిష్ఠ లేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు మూలంలో లేదు, చెప్పక తప్పదు.

ప్రతిపదార్థం: సల్లగ గానియ్యుండ్రి = బండి ఆపి, తాళం తీసి, చల్లారే దాకా ఆగండి. ఇంజను వదిలే వేడి వాయువే టర్బోను తిప్పుతుంది (1905లో స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషి పేటెంటు తీసుకున్న ఉపాయమిది). దాని పక్కన చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. కొన్ని బండ్లలో తాళం తీసినా రేడియేటరు ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

గాలి = కంప్రెసరు గాలి. ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి టర్బోకు వెళ్లే గొట్టం విప్పి, గాలిని కొలిచే సెన్సరుంటే దాన్ని తప్పించి, నోటికి మూత బిగించి, ఆ మూతకున్న వాల్వు గుండా ఎక్కించేది.

జరంతనే = కొంచెమే. ఇక్కడే ఆగాలి. ‘జరంత’ అంటే చాలదా, ‘నే’ ఎందుకు? ఇది అవధారణం, ఇంతకు మించి వద్దని నిషేధం. రెగ్యులేటరు, మీటరు పెట్టుకుని 5 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. బండి మామూలుగా తీసుకునే బూస్టు దాటకూడదు. దాటితే క్రాంక్‌కేసులోకి చొరబడే గాలి ఆయిల్ సీళ్లను తోసేయవచ్చు. లీకు వెతకబోయి కొత్త లీకు కొనుక్కున్నట్టు.

పాఠాంతరం: షెడ్డులోని చిన్న కుర్రాడు “ఫుల్లు కొట్టాలె” అని చదువుతాడు. త్యాజ్యం. లెక్క చూడండి: 7 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మూత మీద 10 పీఎస్‌ఐ అంటే సుమారు 27 కిలోల తోపు, బియ్యం బస్తా అంత. పంక్చరు షాపు ట్యాంకులోని 100 పీఎస్‌ఐ నేరుగా వదిలితే పది బస్తాలు! ఒక్క క్లిప్పు జారితే ఆ మూత ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. “ముంగట నిలవడొద్దు” అన్నదానికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు. మూత విప్పబోయే ముందు కూడా గాలి మొత్తం వదిలేయాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి.

శంక: ఇంజను నడుస్తుండగానే గొట్టాల మీద కార్బ్ క్లీనరు చల్లి, శబ్దం మారితే లీకని తేల్చవచ్చు కదా? సమాధానం: వేడి టర్బో మీద మండే ద్రవం చల్లడం శాస్త్రం కాదు, సాహసం. పైగా నిలకడ మీద మ్యానిఫోల్డులో ఉండేది పీల్పు. టర్బో నుంచి ఇంటర్‌కూలరు దాకా, అక్కణ్నుంచి థ్రాటిల్ దాకా ఉన్న గొట్టాల్లో ఒత్తిడి పెద్దగా ఉండదు. తొక్కినప్పుడే అవి ఉబ్బి, పగుళ్లు తెరుచుకుని ఈల వేస్తాయి. అందుకే ఆగిన బండికి బయటినుంచి గాలి పెట్టడం.

నురగ = పాత్రలు తోమే సబ్బు నీళ్లు చల్లగా లేచే బుడగలు. షాంపూ అని మరో పాఠం, అర్థభేదం లేదు.

తాత్పర్యం: గాలి దొంగదారిన పోతే, ముందే కొలిచి పంపే బండ్లలో కంప్యూటరు రాని గాలికీ పెట్రోలు పోస్తుంది, కొలత వేరుగా ఉన్నవాటిలో టర్బో అదనంగా చాకిరీ చేస్తుంది. రెండూ నా జేబుకే తగులుతాయి.

విశేషం: నా బండికి 8 పీఎస్‌ఐ దగ్గర ఇంటర్‌కూలరు కింది గొట్టం మొదట్లో నురగ లేచింది. గొట్టం బాగానే ఉంది, క్లిప్పు వదులైంది. కొత్త క్లిప్పుకు డబ్బిచ్చాను. “ఫుల్లు కొడితే ఎప్పుడో దొరికేది” అన్న పాఠాంతరకారుడికి చాయ్ కూడా తాగించాను.